తమ్ముడు స్పీడ్ కోసం సెట్టింగ్స్ మార్చాడు, నాన్న లెక్కలు పోయాయి

బెంగళూరు నుంచి ఒక అమ్మాయి రాసిన పెద్ద ఉత్తరం ఇది. గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెది హిందూపురం వైపు. బొమ్మనహళ్లి దగ్గర అద్దె ఇంట్లో తమ్ముడితో ఉంటోంది. తను ఉద్యోగం, తమ్ముడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. నాన్నకి ఊళ్లో ఎరువుల కొట్టు. ఎవరెవరికి ఎంత అరువు ఇచ్చారో రాసిన చీటీలు ఆయన ఫోన్‌లో ఫోటో తీసి పంపుతారు, ఈమె ఆదివారాలు కూర్చుని ఇంట్లో డెస్క్‌టాప్‌లో లిబ్రే ఆఫీస్ షీట్లలోకి ఎక్కిస్తుంది. పుస్తకం మానేయమని నాన్నని ఒప్పించింది కూడా ఈమే. ఆ డెస్క్‌టాప్ ఎస్పీ రోడ్డులో కొన్న సెకండ్ హ్యాండ్‌ది. ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్), 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంతా కలిపి ఒకటే పార్టిషన్ (డిస్క్‌లో ఒక భాగం), దాని ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లు అమర్చే పద్ధతి, ఈఎక్స్‌టీ4.

తమ్ముడు ఏదో వీడియో చూసి, సిస్టమ్ వేగంగా ఉంటుందని, బూట్‌లో ఏ పార్టిషన్‌ని ఎలా మౌంట్ చేయాలో (వాడకానికి తగిలించాలో) రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో రూట్ లైన్, అంటే సిస్టమ్ ఉన్న ప్రధాన పార్టిషన్ లైన్, మార్చాడు. నోఎటైమ్, డేటా=రైట్‌బ్యాక్, బ్యారియర్=0, కమిట్=120 పెట్టి, ముందున్న ఎర్రర్స్=రీమౌంట్-ఆర్ఓ తీసేసి, చివరి అంకెని 1 నుంచి 0 చేశాడు. రీబూట్ చేస్తే రూట్ రీడ్-ఓన్లీగా (చదవడానికి మాత్రమే) ఉండిపోయింది. ఇంకెక్కడో చదివి ట్యూన్2ఎఫ్‌ఎస్ అనే కమాండ్‌తో రైట్‌బ్యాక్‌ని డిస్క్‌లోనే డీఫాల్ట్ చేసేశాడు. అప్పుడు బూట్ అయింది, కొన్ని వారాలు బాగానే నడిచింది. తర్వాత ఒక వాన సాయంత్రం కరెంటు పోయి వచ్చి మళ్లీ పోయింది. ఇన్వర్టర్ ఉన్నా సిస్టమ్ ఆగిపోయింది. ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో నడిచే చిన్న సిస్టమ్) అని వచ్చి, ఫైల్ సిస్టమ్‌ని చెక్ చేసి బాగుచేసే ఎఫ్‌ఎస్‌సీకే మీరే నడపండి అన్న మెసేజ్. తమ్ముడు నడిపి అన్నిటికీ వై కొట్టాడు. ఇప్పుడు సిస్టమ్ తెరుచుకుంటోంది కానీ, ఏప్రిల్ అరువు షీటు సున్నా బైట్లు, ఇంకో షీటు తెరిస్తే చెత్త అక్షరాలు.

"వాడితో మాట్లాడటం మానేశాను. నాన్నకి ఇంకా చెప్పలేదు, 'నా పుస్తకమే నయం' అంటారని భయం. రూట్ పార్టిషన్‌కి అన్నిటికంటే సేఫ్ సెట్టింగ్ ఏదో ఒక్క లైన్‌లో చెప్పండి, అది పెట్టేసి ఇక ఎవరినీ ముట్టుకోనివ్వను" అని అడుగుతోంది.

సమాధానం:

ఆ ఒక్క లైన్ చెబుతాను, దాచిపెట్టేంత పెద్ద రహస్యం కాదు. కానీ దానికంటే ముందు చేయాల్సిన పనులు రెండున్నాయి, అవి ఈ రోజే చేయండి.

మొదటిది, నాన్నగారికి ఫోన్ చేయండి. ధైర్యం కూడగట్టుకున్నాక చేద్దాంలే అనుకోవద్దు. ఎందుకంటే మీ అసలు బ్యాకప్ ఇప్పుడు ఆయన ఫోన్‌లో ఉంది. ఆ చీటీల ఫోటోలు మీ ఫోన్‌లో ఎన్ని డౌన్‌లోడ్ అయ్యాయో చూడండి. అప్పట్లో డౌన్‌లోడ్ చేయనివి ఇప్పుడు నొక్కితే రాకపోవచ్చు, అప్పుడు ఆయన ఫోన్ ఒక్కటే దిక్కు. ఫోన్ నిండిపోయిందని ఆయన ఏ రోజైనా గ్యాలరీ ఖాళీ చేసేస్తే అదీ పోతుంది. కాబట్టి విషయం చెప్పి, ఫోటోలు ఏవీ తీసేయొద్దని అడగండి. కొట్టు లెక్కలన్నీ పోలేదు కూడా. సబ్సిడీ ఎరువుల అమ్మకం పీఓఎస్ మెషిన్ మీదే జరగాలి కాబట్టి ఆ రికార్డు అక్కడ ఉంటుంది, కొనుగోళ్లలో సప్లయర్లు జీఎస్టీ రిటర్నుల్లో చూపించినవి పోర్టల్‌లో 2బీ స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. ఎక్కడా లేనిది అరువు ఖాతా ఒక్కటే, దానికి ఆధారం ఆ చీటీలు.

రెండోది, ఆ డెస్క్‌టాప్ ఆపేయండి, దాని మీద కొత్తగా ఏమీ సేవ్ చేయకండి. ఉబుంటు మామూలుగా వారానికోసారి, ఖాళీగా ఉన్న చోటు ఏదో ఎస్‌ఎస్‌డీకి చెప్పే ట్రిమ్ పని నడుపుతుంది. అది ఒకసారి జరిగితే తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టినా దాదాపు ఏమీ దొరకదు. పెన్‌డ్రైవ్ మీద లైవ్ ఉబుంటుతో (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) బూట్ చేసి, పాత పార్టిషన్‌ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, మీ హోమ్ ఫోల్డర్ మొత్తం, దానితో పాటు రూట్‌లో ఉండే లాస్ట్+ఫౌండ్ ఫోల్డర్ కూడా వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఎఫ్‌ఎస్‌సీకే పేరు తెలియని ఫైళ్లని ఆ ఫోల్డర్‌లో హ్యాష్ గుర్తు, పక్కన ఒక నంబర్ వేసి పడేస్తుంది. పేరు లేకపోయినా లోపల సరుకు ఉండొచ్చు. ఫైల్ అనే కమాండ్ వాటి మీద నడిపితే ఏది ఓపెన్‌డాక్యుమెంట్ స్ప్రెడ్‌షీటో అదే చెబుతుంది. హోమ్‌లో దాగి ఉండే డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో లిబ్రే ఆఫీస్‌కి ఒక బ్యాకప్ ఫోల్డర్ ఉంటుంది, అందులోనూ వెతకండి, పాత కాపీ దొరికే అవకాశం ఉంది.

ఇక ఏం జరిగిందో చెబుతాను. ఇది తెలియకుండా ఏ లైన్ పెట్టినా రేపు ఇంకెవరో ఇంకో వీడియో చూసి మార్చేస్తారు.

మీ నాన్నగారి లాంటి పాత కొట్లలో చిట్టా, ఆవర్జా అని రెండు ఉండేవి. జరిగింది జరిగినట్టు ముందు చిట్టాలో రాసుకుని, తర్వాత తీరిగ్గా ఆవర్జాలో ఎవరి ఖాతాలో వాళ్లకి ఎక్కిస్తారు. మధ్యలో పని ఆగిపోయినా చిట్టా చూసి మిగతాది పూర్తి చేయొచ్చు. ఈఎక్స్‌టీ4లో జర్నల్ అంటే ఆ చిట్టానే. కరెంటు పోయి వచ్చాక జర్నల్ చదివి, సగంలో ఆగిన పనులు సరిచేసుకుంటుంది. అయితే మామూలుగా ఈ జర్నల్‌లోకి వెళ్లేది ఫైలు పేరు, సైజు, అది డిస్క్‌లో ఏ బ్లాకుల్లో ఉంది అన్న వివరాలే. ఫైలు లోపల మీరు టైప్ చేసింది అందులోకి వెళ్లదు. అందుకే డీఫాల్ట్‌గా ఆర్డర్డ్ అనే మోడ్ ఉంటుంది: అసలు డేటా డిస్క్‌కి చేరాకే దాని వివరాలు జర్నల్‌లో ఖరారవుతాయి. రైట్‌బ్యాక్ పెడితే ఆ వరస పోతుంది. పేరు సరిగ్గానే ఉంటుంది, సైజు సరిగ్గానే ఉంటుంది, తెరిస్తే లోపల ఆ బ్లాకులో అంతకుముందెప్పుడో ఉన్న ఇంకేదో ఫైలు ముక్క. మీ రెండో షీట్‌లో కనిపించిన చెత్త అక్షరాలు చాలావరకు ఇదే అయ్యుంటాయి.

సున్నా బైట్ల ఫైలుది కాస్త పాత కథ. ఈఎక్స్‌టీ4 2008 చివర్లో 2.6.28 లినక్స్ కెర్నల్‌తో (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) స్థిరమైనదిగా వచ్చింది. అది డేటాకి చోటు కేటాయించడం కొంచెం వాయిదా వేస్తుంది, వేగం కోసం. ఆ వాయిదాలో సిస్టమ్ ఆగిపోతే కొత్తగా సేవ్ చేసిన ఫైళ్లు ఖాళీగా మిగులుతున్నాయని 2009లో పెద్ద గొడవే అయింది. తర్వాత కెర్నల్‌లో దానికి ఒక రక్షణ పెట్టారు: పాత ఫైలు స్థానంలో కొత్తది పెట్టేటప్పుడు, ఆ మార్పు ఖరారయ్యేలోపే కొత్త డేటాని డిస్క్‌కి తోసేస్తుంది. ఆ రక్షణ సరిగ్గా పనిచేసేది డీఫాల్ట్ ఆర్డర్డ్ మోడ్‌లోనే. మీ తమ్ముడు తెలియక తీసేసింది దాన్నే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది మాత్రం బ్యారియర్=0. ఎస్‌ఎస్‌డీకి తన సొంత క్యాష్ (తాత్కాలిక మెమరీ) ఉంటుంది, "రాసేశాను" అని చెప్పినా ఇంకా క్యాష్‌లోనే పెట్టుకుని ఉండొచ్చు, వరస కూడా తనకి నచ్చినట్టు మార్చుకోవచ్చు. బ్యారియర్ అంటే "ఇక్కడిదాకా నిజంగా లోపల రాసి, ఆ తర్వాతే ముందుకి వెళ్లు" అని గట్టిగా చెప్పడం. అది తీసేస్తే జర్నల్‌నే నమ్మడానికి లేదు, సగం రాసిన జర్నల్‌ని పూర్తయిందనుకుని చదివి, బాగున్న వివరాల మీద తప్పు వివరాలు రాసేయొచ్చు. బూట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దగ్గర ఆగిపోవడానికి ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ. ఆ ఆప్షన్ ఉన్నది బ్యాటరీ బ్యాకప్ ఉన్న రెయిడ్ కంట్రోలర్ల లాంటి వాటి కోసం, సర్వర్ రూముల్లో. ఇంట్లో డెస్క్‌టాప్‌కి దాని అవసరం ఎప్పటికీ రాదు.

మిగతావి చిన్నవి. కమిట్=120 అంటే మామూలుగా 5 సెకన్లకోసారి జరిగే ఖరారు రెండు నిమిషాలకోసారి జరుగుతుంది, అంటే పోతే అంత పని పోతుంది. నోఎటైమ్ అంటే ఫైలు చదివిన సమయం రాయకపోవడం, దాని వల్ల నష్టమేమీ లేదు, లాభమూ పెద్దగా లేదు, ఎందుకంటే 2009 నుంచే కెర్నల్ డీఫాల్ట్ రెల్‌ఎటైమ్, అది ఆ సమయాన్ని అవసరమైనప్పుడే రాస్తుంది. చివరి అంకె 0 అంటే బూట్‌లో ఆ పార్టిషన్ చెక్ చేయనక్కర్లేదని చెప్పడం, రూట్‌కి అది 1 ఉండాలి, మిగతా పార్టిషన్లకి 2. ఇంతా చేసి, ఎస్‌ఎస్‌డీ మీద షీట్లు తెరిచే పనికి వీటితో కంటికి కనిపించే వేగం రాదు.

ఎర్రర్స్ అన్న ఆప్షన్ గురించి మాత్రం కాస్త ఆగి చదవండి. దానికి మూడు విలువలున్నాయి. కంటిన్యూ పెడితే ఫైల్ సిస్టమ్‌లో తప్పు కనిపించినా రాస్తూనే పోతుంది, మీకు తెలిసేసరికి నష్టం పాకిపోయి ఉంటుంది. ప్యానిక్ పెడితే సిస్టమ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, పని అందుకోవడానికి ఇంకో మెషిన్ సిద్ధంగా ఉన్న చోట అది సబబు. రీమౌంట్-ఆర్ఓ పెడితే ఆ క్షణం నుంచి రాయడం ఆపి చదవడానికి మాత్రమే ఇస్తుంది. ఇంటికి ఇదే మేలు, కానీ అది జరిగినప్పుడు ఎలా ఉంటుందో తెలిసి ఉండాలి: బ్రౌజర్ తెరుచుకోదు, ఏ ఫైలూ సేవ్ కాదు, సిస్టమ్ పాడైపోయినట్టే అనిపిస్తుంది. కంగారుపడి పదేపదే రీబూట్ చేయకుండా, ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, ఆ తర్వాత డీమెస్గ్ (dmesg) కమాండ్‌తో కెర్నల్ లాగ్ చూడండి.

మీరు అడిగిన ఆ లైన్ ఇదిగో (కామాల చోట ఖాళీలు పెట్టండి): పార్టిషన్ యూయూఐడీ (దాని గుర్తింపు సంఖ్య), రూట్ గుర్తు (/), ఈఎక్స్‌టీ4, ఎర్రర్స్=రీమౌంట్-ఆర్ఓ, 0, 1. అంతే. డెబియన్, ఉబుంటు ఇన్‌స్టాలర్లు ఏళ్ల తరబడి రాస్తూ వచ్చింది ఇదే. మీ ఇన్‌స్టాలర్ డీఫాల్ట్స్ అని మాత్రమే రాస్తే పక్కన కామా పెట్టి ఎర్రర్స్ ముక్క చేర్చుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఉన్నదాన్నే సరిచేసుకోవడం ఒకటి. కాపీలు తీసుకున్నాక ఆ లైన్ వెనక్కి పెట్టండి, కానీ దానితో సరిపోదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. రైట్‌బ్యాక్ ఇప్పుడు డిస్క్ సూపర్‌బ్లాక్‌లో (ఫైల్ సిస్టమ్ తన సెట్టింగులు రాసుకునే చోట) కూడా ఉంది. మొదట ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మాత్రమే పెట్టినప్పుడు రూట్ రీడ్-ఓన్లీగా ఉండిపోయింది, ఎందుకంటే అప్పటికే మౌంట్ అయిన రూట్‌కి డేటా మోడ్ రీమౌంట్‌లో మార్చడం కుదరదు; అందుకే మీ తమ్ముడు దాన్ని డిస్క్‌లోనే పెట్టాల్సి వచ్చింది. ట్యూన్2ఎఫ్‌ఎస్‌లో చిన్న అక్షరం ఓ (-o) అనే ఆప్షన్‌తో, జర్నల్_డేటా_రైట్‌బ్యాక్ అన్న పేరు ముందు క్యారెట్ గుర్తు పెట్టి దాన్ని తీసేయాలి. రీబూట్‌కి ముందు ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌ని వెరిఫై ఆప్షన్‌తో నడిపితే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పులుంటే చెబుతుంది. రీబూట్ అయ్యాక లాగ్‌లో "ఆర్డర్డ్ డేటా మోడ్‌తో మౌంట్ అయింది" అన్న వాక్యం వెతకండి, అది కనిపించేదాకా పని అయినట్టు కాదు. ఈ దారి గంటలో అయిపోతుంది. ఇందులో చిక్కు ఏమిటంటే, అన్నిటికీ వై కొట్టి నడిపిన ఎఫ్‌ఎస్‌సీకే తర్వాత సిస్టమ్ ఫైళ్లలో ఏది పోయిందో తెలియదు. డెబ్‌సమ్స్ అనే కమాండ్‌తో ప్యాకేజీల ఫైళ్లు సరిచూసుకోవచ్చు, అయినా అనుమానం పూర్తిగా పోదు.

మళ్లీ కొత్తగా ఇన్‌స్టాల్ చేయడం రెండోది. ఒక పూట పోతుంది, కానీ ఆ వంకతో రూట్‌ని, హోమ్‌ని విడదీయొచ్చు. రూట్‌కి 60 జీబీ ఇచ్చి మిగతాది హోమ్‌కి ఇస్తే, రేపు రూట్ పాడైనా హోమ్‌ని ముట్టుకోకుండా సిస్టమ్ మళ్లీ వేసుకోవచ్చు. రూట్ నిండిపోతే మాత్రం హోమ్‌లో ఎంత ఖాళీ ఉన్నా అక్కరకి రాదు, ఆ ఇబ్బంది ఉంటుంది. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటు రిజర్వు చేస్తుంది, రూట్‌లో దాన్ని అలాగే ఉంచి హోమ్‌లో 1 శాతానికి తగ్గించుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ చచ్చిపోతే రెండూ పోతాయన్నది మరిచిపోవద్దు. సెకండ్ హ్యాండ్‌ది కాబట్టి ఇన్‌స్టాల్‌కి ముందు స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో దాని ఆరోగ్యం చూడండి, ఎర్రర్లు కనిపిస్తే ఏ సెట్టింగూ కాపాడదు, డిస్కే మార్చాలి. మీరున్న పరిస్థితిలో నా మొగ్గు ఈ దారి వైపే.

మూడోది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌కి మారడం. ఫెడోరా వర్క్‌స్టేషన్ (ఇంకో రకం లినక్స్) 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి దాన్నే డీఫాల్ట్‌గా ఇస్తోంది. డేటాకి కూడా చెక్‌సమ్ (చెడిందో లేదో తేల్చే లెక్క) ఉంటుంది కాబట్టి చెత్త అక్షరాలున్న షీటుని మంచిదే అన్నట్టు మీ ముందు పెట్టదు, చదవలేనని ఎర్రర్ ఇస్తుంది. అప్‌డేట్‌కి ముందు స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న స్థితి) తీసుకుని, తేడా వస్తే వెనక్కి వెళ్లొచ్చు. ఇవి నిజంగా గొప్ప సదుపాయాలు. కానీ స్నాప్‌షాట్ అదే డిస్క్‌లో ఉంటుంది, అది బ్యాకప్ కాదు. డిస్క్ నిండేటప్పుడు దాని లెక్కలు అర్థం చేసుకోవడం కష్టం, క్యాష్ విషయంలో అబద్ధం చెప్పే చౌక ఎస్‌ఎస్‌డీ మీద అది విరిగితే బాగుచేయడమూ కష్టమే. ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని కూర్చుని నేర్చుకుంటేనే ఇది.

ఈఎక్స్‌టీ4లోనే డేటా=జర్నల్ అన్న మోడ్ ఉంది, లోపలి డేటా కూడా జర్నల్‌లోకి వెళుతుంది, కాగితం మీద అన్నిటికంటే గట్టిది. ప్రతిదీ రెండుసార్లు రాస్తుంది, పెద్ద ఫైళ్లకి నెమ్మది. మీ షీట్లకి ఆర్డర్డ్ చాలు.

ఇన్వర్టర్ ఉండి కూడా సిస్టమ్ ఎందుకు ఆగిందో మీరు ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాకు అది పెద్ద విషయంగా కనిపించింది. కంప్యూటర్ లోపలి పవర్ సప్లై (ఎస్‌ఎంపీఎస్) కరెంటు లేకుండా నిలబడేది సుమారు 16, 17 మిల్లీసెకన్లు. ఇళ్లలో పెట్టే ఇన్వర్టర్లకి చాలావాటికి వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. నార్మల్‌లో మారడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఫ్యాను, లైటుకి తేడా తెలియదు, కంప్యూటర్ మాత్రం ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఓనర్‌ది అయితే ఆయన్ని అడిగి ఆ స్విచ్ చూడండి. యూపీఎస్ మోడ్ ఇంకొంచెం స్థిరమైన వోల్టేజీ కోరుతుంది, మీ వీధిలో వోల్టేజీ బాగా ఊగుతుంటే ఊరికే బ్యాటరీ మీదకి పోతూ ఉంటుంది. అలాగైతే కంప్యూటర్‌కి మాత్రం చిన్న యూపీఎస్ విడిగా కొనుక్కోండి. బెంగళూరు వానల్లో కరెంటు పోవడం ఆగదు, కాబట్టి ఈ ఖర్చు దండగ కాదు.

చివరగా మీ తమ్ముడు. అతను చేసింది తప్పే, మీ పని ఉన్న సిస్టమ్ మీద మీకు చెప్పకుండా చేయడం ఇంకా తప్పు. కానీ నష్టం మొత్తాన్ని అతని తల మీద వేయడం న్యాయం కాదనిపిస్తుంది. ఆ ఇంట్లో ఒక్క కాపీ కూడా వేరే చోట లేదు, అదే ఎస్‌ఎస్‌డీ మామూలుగా చచ్చిపోయినా ఇదే జరిగేది. ఎవరినీ ముట్టుకోనివ్వను అనడం మీ చేతిలోని పనే, అతనికి సుడో (సిస్టమ్ సెట్టింగులు మార్చే అధికారం) లేని అకౌంట్ ఇస్తే అయిపోతుంది. అయితే రేపు బూట్ ఆగితే మీరొక్కరే చూసుకోవాలి, అందుకు సిద్ధమేనా ఆలోచించండి. లేదంటే, ప్రయోగాలకి వర్చువల్ మెషిన్ (సిస్టమ్ లోపలే విడిగా నడిచే నకిలీ కంప్యూటర్) ఇచ్చి, ఆ నల్ల స్క్రీన్ మళ్లీ వస్తే ఏం చేయాలో అతన్నే నేర్చుకోమనండి: స్క్రీన్ ఫోటో తీయడం, ఏమీ మార్చకుండా చూసే ఎన్ ఆప్షన్‌తో ఎఫ్‌ఎస్‌సీకే నడిపి ఎంత పాడైందో చూడటం, కాపీ తీశాకే బాగుచేయడం, మౌంట్ అయి ఉన్న పార్టిషన్ మీద ఎప్పుడూ నడపకపోవడం. దీనికి అతనికి సమయం పడుతుంది, మీకు ఓపిక పడుతుంది.

ఏప్రిల్ చీటీలు మళ్లీ ఎక్కించడం ఎలాగూ తప్పదు. ఒకరు చదువుతుంటే ఒకరు టైప్ చేయడం నయం కదా, ఈ ఆదివారం అతన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అయ్యాక ప్రతివారం బ్యాకప్ బాధ్యత అతనికి ఇవ్వండి: ఒక కాపీ బయటి డిస్క్‌లో, ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో, మీరు హిందూపురం వెళ్లినప్పుడల్లా అది నాన్నగారి దగ్గర పెట్టి పాతది వెనక్కి తెచ్చుకునేలా. నెలకోసారి ఆ బ్యాకప్ నుంచి ఏదో ఒక షీటు మీ లాప్‌టాప్‌లోకి తెచ్చి తెరిచి చూపించమనండి. అది సరిగ్గా తెరుచుకుంటూ ఉంటే, సుడో పాస్‌వర్డ్ మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నది అప్పుడు ఆలోచించొచ్చు.